ప్లేట్‌లెట్లు, ఎముకలు, మా పెదనాన్న చుట్ట

మన జనానికి ప్లేట్‌లెట్లనగానే డెంగ్యూ గుర్తొస్తుంది. కౌంటు పడిపోయిందంటే చాలు, బొప్పాయి ఆకుల కోసం ఊరంతా గాలింపు. హైటెక్ సిటీ వాళ్ళకైతే ఇంకోటి కూడా గుర్తుకొస్తుంది, జుట్టు కోసం నెత్తిన పొడిపించుకునే పీఆర్‌పీ ఇంజెక్షన్లు :) ఆ పీఆర్‌పీనే ఎముకలు అతకడానికి కూడా వాడతారని నాకు మా పెదనాన్న వల్ల తెలిసింది.

మాది వినుకొండ దగ్గర పల్లెటూరు. 2022లో పల్నాడు జిల్లాలోకి వెళ్ళినా మావాళ్ళ నోట ఇంకా గుంటూరు జిల్లానే. మిర్చి టిక్కీల లోడు మీంచి పడి పెదనాన్నకి మోకాలి కింద ఎముక విరిగింది. రాడ్ వేశారు. తొమ్మిది నెలలైనా అతకలేదు. తుంటి దగ్గర కొంత ఎముక తీసి విరిగిన చోట పెట్టాలి (బోన్ గ్రాఫ్ట్ అంటే అదే), దాంట్లో పీఆర్‌పీ కలిపితే త్వరగా అతుకుతుంది, దానికి విడిగా కట్టాలి అన్నారట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. కట్టాల్సింది కాయకోత కూలీల కోసం దాచిన డబ్బు. "అబ్బాయా, కంప్యూటర్లో చూసి చెప్పరా, కట్టమంటావా?" అని ఫోను.

సరే, చూశాను. పేషెంటు రక్తమే కొంత తీసి, గడ్డకట్టకుండా మందు కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ఎర్రకణాలు అడుక్కి పోతాయి. ప్లేట్‌లెట్లు మామూలు కంటే మూడు నుంచి ఐదు రెట్లు చిక్కగా ఉన్న ద్రవం మిగులుతుంది. మామూలు రక్తంలో మైక్రోలీటరుకి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలుంటే, ఇందులో పది లక్షల దాకా ఉంటాయన్నమాట. అవి పగిలినప్పుడు వచ్చే పదార్థాలు చుట్టూ ఉన్న కణాలను పెరగమని పురిగొల్పుతాయి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఎముక కట్టేది గ్రాఫ్ట్‌లో బతికున్న కణాలు. పీఆర్‌పీ వాటిని తొందరపెడుతుందేమో గానీ, లేని ఎముకని పుట్టించదు.

దీనికి పేరు తెచ్చింది 1998లో అమెరికాలో రాబర్ట్ మార్క్స్ బృందం. దవడ ఎముక పోయిన 88 మందికి తుంటి ఎముకతో గ్రాఫ్ట్ వేశారు. పీఆర్‌పీ కలిపిన వాళ్ళలో ఎక్స్‌రే ప్రకారం అది 1.62 నుంచి 2.16 రెట్లు వేగంగా ముదిరిందన్నారు. బాగానే ఉంది, కానీ అది దవడ. పెదనాన్నది కాలు. కాళ్ళూ చేతుల పొడుగాటి ఎముకల మీద కాక్రేన్ వాళ్ళు 2012లో వెతికితే, లెక్కలోకి తీసుకోదగ్గ అధ్యయనం ఒక్కటే దొరికింది. అందులో 21 మంది. అదీ అతకని ఎముకల మీద కాదు, మోకాలి దగ్గర కావాలని కోసి సరిచేసిన ఎముకల మీద. తర్వాత వచ్చిన అధ్యయనాల ఫలితాలూ కలగాపులగమే. ఒక్కొక్కరు ఒక్కో రకంగా తయారుచేస్తారాయె, పోల్చేదెట్లా?

డాక్టరు గారికి ఫోన్ చేసి ఒకటే అడిగాను, "ఇది లేకపోతే ఆపరేషన్ ఆగుతుందా?" అని. "ఆగదండీ, గ్రాఫ్టూ, ఎముక కదలకుండా గట్టిగా బిగించడమూ ముఖ్యం. ఇది అదనం. సొంత రక్తమే కాబట్టి పెద్దగా హాని కూడా లేదు" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. ఇంకో మాట కూడా అన్నారు. "ముందు ఆయన చేత చుట్ట మానిపించండి."

పొగ తాగితే రక్తనాళాలు కుంచించుకుపోయి ఎముకలు ఆలస్యంగా అతుకుతాయన్నది పీఆర్‌పీ కంటే ఎంతో గట్టిగా తేలిన విషయం. పైగా పైసా ఖర్చు లేదు. అదే చెబితే పెదనాన్న ఇంతెత్తున లేచాడు. "నా రక్తం తిప్పి నాకే పెడతానంటే డబ్బులిస్తాగానీ, చుట్ట మానమంటావేందిరా!"

నవ్వొచ్చింది గానీ, మనమందరం అంతే కదా. కొనుక్కోగలిగే మందు మీద ఉన్న నమ్మకం, మానుకోవాల్సిన అలవాటు మీద ఉండదు.

చివరికి పీఆర్‌పీ లేకుండానే గ్రాఫ్ట్ వేయించాం. పెద్దమ్మ చుట్టలన్నీ పొయ్యిలో పెట్టింది. ఆరు నెలలకి ఎక్స్‌రేలో అతుకు కనిపించింది. దీన్నిబట్టి పీఆర్‌పీ దండగ అని నేననను. ఒక్క టెస్ట్ కేసు పాసైందని రిలీజ్ చేసేస్తే మన మేనేజర్లే ఊరుకోరు. కానీ ఆ డబ్బు కట్టి ఉంటే మాత్రం, ఇదే ఎక్స్‌రే చూసి ఊరంతా "పీఆర్‌పీ మహిమ" అనే వాళ్ళం. చుట్టలు కాల్చేసిన పెద్దమ్మ పేరు ఒక్కరూ ఎత్తేవాళ్ళు కాదు.