నారాయణగూడలో స్పానిషు పాఠము

భాగ్యనగరమున చిక్కడపల్లి, అశోకనగరము, నారాయణగూడ యనునవి ఒకదాని నొకటి యానుకొనియున్న పేటలు. ఒకటి యెక్కడ ముగిసి మరియొకటి యెక్కడ మొదలగునో కొత్తవారికి తెలియదు. 2020వ సంవత్సరము ఫిబ్రవరిలో మెట్రోరైలు వచ్చి చిక్కడపల్లికి నొక స్టేషను, నారాయణగూడకు నొక స్టేషను ఏర్పడినవి గాని, ఇచ్చటివారు నేటికిని ఒకచోటినుండి మరియొకచోటికి నడచియే పోవుదురు. చిక్కడపల్లిలో వేంకటేశ్వరస్వామి యాలయము, త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయము గలవు. అశోకనగరమున అడుగడుగునకు శిక్షణాలయములు, వసతిగృహములు, పాత పుస్తకముల యంగళ్లు, జిరాక్సు దుకాణములు. ఉద్యోగపరీక్షలకై ఊరూరి బిడ్డలు వచ్చి యిచ్చట గదులలో కాపురముందురు. అందుచేత ఈ వీధులలో పుస్తకము చేతబట్టి నడచు మనిషిని ఎల్లరు నడుగు ప్రశ్న యొకటే: "ఏ పరీక్షకు?"

గడచిన యేడాది మేమును పుస్తకము చేతబట్టి యీ వీధుల నడచితిమి. మా పుస్తకము ఏ పరీక్షకును చెందినది కాదు. అది స్పానిషు భాషకు మొదటి వాచకము.

మేము మువ్వురము. ఈ వ్యాసము వ్రాయుచున్న మేము ఒక బడిపంతులుగారి యిల్లాలము. మా తాతగారు ఇంటనే అమరము, రఘువంశము, బాలవ్యాకరణము చెప్పిరి గాని, కళాశాల గడప మే మెరుగము. రెండవవారు మా పొరుగింటి పిన్నిగారు. వారి కుమారుడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున నుద్యోగము చేయుచు, మెక్సికో దేశపు కుటుంబములోని పిల్లను పెండ్లాడెను. పిల్ల తల్లికి స్పానిషు తప్ప మరియొక భాష రాదు. పిన్నిగారికి తెలుగును, బజారు ఉర్దూయును తప్ప రావు. వియ్యపురాండ్రిద్దరును ఫోనులో నొకరి ముఖ మొకరు చూచుకొని, నవ్వి, మనుమరాలిని చూపుకొని, చేతులు జోడించి యూరకుందురు. మూడవది అశోకనగరపు వసతిగృహమున నుండి గ్రూప్సు పరీక్షకు చదువుచున్న యమ్మాయి. "పొద్దస్తమానం మార్కుల చదువే అక్కా, ఒక్క గంట మార్కులు లేని చదువు చదువుకుంటాను" అని మాతో బయలుదేరినది.

నారాయణగూడ ప్రాంతమున నొక కళాశాలలో సాయంకాలములందు పెద్దలకు తొలిమెట్టు స్పానిషు చెప్పుదురని విని పోయితిమి. కార్యాలయమున నున్న గుమాస్తా పిన్నిగారిని చూచి, "ఇంగ్లీషు రాకపోతే స్పానిష్ ఎలా వస్తుందమ్మా?" అనెను. పిన్నిగారి ముఖము చిన్నబోయినది. మేము రుసుము చెల్లించి, మువ్వుర పేర్లును వ్రాయించితిమి.

ఆ మాట యెంతవరకు నిజమో విచారింపదగినది. నారాయణగూడలో నేడున్న మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల 1928లో పుట్టినది. నాడు హైదరాబాదు సంస్థానమున రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే. అట్టి దినములలో హనుమంతరావుగారు ఆడపిల్లలకు తెలుగున చదువు చెప్పించిరి. 1954లో నిదే పేటలో రెడ్డి మహిళాకళాశాల వెలసినది. తెలుగు ద్వారమున చదువు లోనికి వచ్చునని తెలిపిన పేట యిది. స్పానిషు మాత్రము ఆ ద్వారమున రాకుండునా?

మొదటి దినమున నక్షరముల పలుకుబడి. అ, ఎ, ఇ, ఒ, ఉ అను నైదే అచ్చులు. వ్రాసినది వ్రాసినట్లే పలుకవలెను. తకార దకారములు మన త, దల వలెనే దంతములకు నాలుక తాకి పుట్టును. ఇంగ్లీషు బడులలో చదివిన పిల్లలు వానిని ట, డలుగా పలికి దిద్దుబాట్లు పొందిరి. పిన్నిగారికి దిద్దవలసిన పనియే లేకపోయెను. పిమ్మట రేఫము వచ్చినది. 'పెరొ' అనగా 'కాని'. 'పెఱ్ఱొ' అనగా కుక్క. ఈ రెంటి భేదము తెలియక తరగతి యంతయు నవ్వులపాలైనది. మన పూర్వకవులు రేఫ శకటరేఫములను కలిపి ప్రాస వేయరైరి గదా! నేడు మన నోట సమసిపోయిన ఆ భేదము, స్పానిషున పిల్లల నోట సైతము జీవించియున్నది. మన యక్షరమాలలో నుండియు ఒంటరిగా నెన్నడును వాడని ఞకారమునకు అచ్చట ప్రత్యేకముగా నొక యక్షరమే కలదు. 'నీఞ' అనగా చిన్నపిల్ల. పిన్నిగారు మొదట నేర్చిన మాట యదియే.

రెండవ వారమున క్రియలు. మనకు జడుపు పుట్టించిన పాఠ మిదియే యగునని గురువుగారు ముందే చెప్పిరి. ఇంగ్లీషున నొక్క క్రియతో చెప్పుదానికి స్పానిషున సెర్, ఎస్తార్ అని రెండు క్రియలు. మేము తెలుగున తలచి చూచితిమి. 'ఆమె పంతులమ్మ' అనునప్పుడు మనము క్రియయే వాడము, అచ్చట సెర్. 'ఆమె యింట నున్నది', 'కాఫీ వేడిగా నున్నది' అనునప్పుడు 'ఉండు' ధాతువును వాడుదుము, అచ్చట ఎస్తార్. ఈ సూత్రము అన్నిచోట్లను చెల్లదు. 'ఆమె పొడుగుగా నున్నది' అనుటకు స్పానిషున సెర్ కావలయును. అయినను 'ఆమె పొడుగరి' యని మార్చి తలచిన మరల కుదురును. అట్లే 'నాకు కాఫీ ఇష్టము' అను వాక్యమును స్పానిషువారు మనవలెనే 'నాకు' అని మొదలిడి, కాఫీని కర్తగా నుంచి చెప్పుదురు. క్రియ చివర పురుషవచనములు తెలియుచుండుటచే 'నేను', 'నీవు' అని పలుమారు చెప్పనక్కరలేదు. నీవు, మీరు అను గౌరవభేదమును గలదు. మీరు అనుటకు వాడు 'ఉస్తేద్' అను మాట, 'తమ యనుగ్రహము' అను నర్థముగల పాతమాటలు రెండు కలిసి యరిగిపోగా నేర్పడినది.

లింగము మాటకు వచ్చిన, బల్ల స్త్రీలింగము, పుస్తకము పుంలింగము. ఇదేమి వింతయని అమ్మాయి నవ్వినది. సంస్కృతమున భార్య యనిన స్త్రీలింగము, దారశబ్దము పుంలింగము, కళత్రము నపుంసకము. ముగ్గురును ఒక్క యిల్లాలే యని మేము చెప్పగా, ఆమె తన నోటుపుస్తకమున నది వ్రాసికొన్నది. స్పానిషున ఆడువారే కూడి 'మేము' అనుటకు 'నొసొత్రస్' అని వేరే మాట గలదు. వారిలో నొక్క మగవాడున్నను 'నొసొత్రొస్' అనవలయును. మా తరగతిలో మగపిల్లవా డొక్కడే. అతడు రాని దినమున మే మందరము నొసొత్రస్. అతడు తలుపు తీయగానే నొసొత్రొస్. "ఒక్క పిల్లవాడు వస్తే ఇంతమందిమీ మారిపోవాలా?" అని పిన్నిగారు గదిమిరి. అయినను మనమును నవ్వుటకు వీలులేదు. తెలుగు వ్యాకరణమున ఏకవచనమందు స్త్రీ 'వచ్చినది', ఆవును 'వచ్చినది'. స్పానిషున లేని మేము, మనము అను భేదము మనకు గలదు. ఏ భాష యందము దానిది, ఏ భాష లోపము దానిది.

పాఠము ముగిసిన పిదప చిక్కడపల్లి వైపు నడచి వచ్చుచు, దారిలో బండ్లమీది సరకులకు స్పానిషు పేళ్లు చెప్పుకొనెడివారము. నారింజ 'నరాంహ'. మన నారంగశబ్దమే పారసీక, అరబ్బీ భాషల మీదుగా అచ్చటికి పోయినది. చక్కెర 'అసూకర్'. అదియును శర్కరాశబ్దమే, అదే దారిని పోయినది. 711లో అరబ్బీ పాలకులు స్పెయిను దేశమున కాలుమోపిరి. 1492 దాక వారి యేలుబడి యేదో యొక భాగమున నిలిచినది. అందుచేత హైదరాబాదువారికి తెలిసిన మాటలు కొన్ని అచ్చట మారువేషమున నున్నవి. మన 'దివాను' అచ్చట 'అదువాన'యై సుంకపుకచేరి యర్థము నిచ్చును. ఇక తువాలు 'తొవాయ', బొత్తాము 'బొతోన్', అలమార 'అర్మారియొ', మేస్త్రి 'మఎస్త్రొ'. ఇవి మనకు పోర్చుగీసువారి యోడలమీద వచ్చినవి. పోర్చుగీసు స్పానిషు భాషకు తోబుట్టువు. ఇంటి సామానులోనే ఇన్ని మాటలు ముందుగా వచ్చి కూర్చున్నవని పిన్నిగారు మురిసిపోయిరి.

వరుసల పాఠమున నొక విశేషము తెలిసినది. వియ్యపురాలు అనుటకు ఇంగ్లీషున నొక్క మాట లేదు. కొడుకు అత్తగారని డొంకతిరుగుడుగా చెప్పవలయును. స్పానిషున 'కొన్‌స్వేగ్ర' అని కలదు. అందలి 'స్వేగ్ర' అనగా అత్త. మన శ్వశ్రూశబ్దమునకు దూరపు జ్ఞాతి. ఇంగ్లీషు మీదుగా పోయియుండిన, పిన్నిగారు ఆ తల్లిని పిలువవలసిన పిలుపు త్రోవలోనే పోయియుండెడిది.

మూడవ నెలలో నొక ఆదివారము ఉదయమున ఫోను వచ్చినది. అచ్చట శనివారపు రాత్రి. పిన్నిగారు మమ్ము ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "కోమొ ఎస్తా ఉస్తేద్, కొన్‌స్వేగ్ర?" అనిరి. వియ్యపురాలుగారూ, మీరెట్లున్నారు అని యర్థము. ఆవలి తల్లి ఒక్క క్షణము మాటాడలేదు. పిమ్మట కన్నులు తుడుచుకొని యేదేదో వడివడిగా చెప్పినది. మాకు తెలిసినవి మూడే మాటలు: బాగు, పిల్ల, కృతజ్ఞత. పిన్నిగారికి మాత్ర మన్నియు తెలిసినట్లే యుండెను. "పిల్లకి జ్వరం తగ్గిందట" అనిరి. కుమారు నడిగి చూడగా నది నిజమే.

దాదాపు 50 కోట్లమందికి మాతృభాషయై, 20 దేశములలో రాజభాషగా నున్న స్పానిషు, ఉద్యోగములకును ఉపకరించును. నేర్వదలచిన సోదరీమణులకు తార్నాకలోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున పై మెట్ల చదువు గలదు. 1958లో ఆంగ్లబోధనకై యేర్పడిన సంస్థ 2007లో విశ్వవిద్యాలయమైనది.

మేము మాత్రము మరియొక కోరికతో రెండవ మెట్టున చేరితిమి. పదునేడవ శతాబ్దమున మెక్సికోలో హువాన ఇనెస్ అను కవయిత్రి యుండెను. ఆడుదగుటచే విశ్వవిద్యాలయ ప్రవేశము లేక, తాతగారి పుస్తకములు చదివి పండితురాలై, పిదప సన్యాసినియయ్యెను. స్త్రీకి చదువేలయని మందలించిన వారికి 1691లో నొక లేఖ వ్రాసి, వంటయింట గ్రుడ్డు వేచునప్పుడును, చక్కెర పాకమును చూచునప్పుడును ప్రకృతి రహస్యములు తనకు తెలిసినవని తెలిపెను. ఆ లేఖను ఆమె మాటలలోనే చదువవలయునని మా సంకల్పము.

ఇంగ్లీషు రాదను భయముచే వెనుదీయు సోదరీమణు లెందరో కలరు. చిన్ననాడు నేర్చిన తెలుగు వ్యాకరణమును ఒకసారి దుమ్ము దులిపి చూచుకొని, సమీపమున నే భాష నేర్పుచున్నను ధైర్యముగా పోయి చేరుదురు గాక. గుమాస్తా ప్రశ్న వేసిన, రుసుము కట్టి రసీదు తీసికొనుడు.