దస్తావేజులో లేని గులాబీలు

పాత దస్తావేజుల్లో ఇల్లు అమ్మేటప్పుడు జల తరు పాషాణ నిధి నిక్షేపాలతో సహా అని ఒక్క గుక్కలో రాసేసేవారు. ఇప్పటి సేల్ డీడుల్లో గజాలు, హద్దులు, బోరు, కరెంటు మీటరు ఉంటాయి. కొబ్బరిచెట్టు ఉంటే బేరంలో ఒక మాట వస్తుంది. టేకు ఉంటే ఏకంగా లెక్కలోకే వస్తుంది. గులాబి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. తాళాలు చేతిలో పడ్డాక చూస్తే గేటు పక్కన నిలువెత్తు ముళ్ల పొద కనబడుతుంది. పెట్టినవాళ్లు హైదరాబాదులో కొడుకు దగ్గరికో, అమెరికాలో కూతురి దగ్గరికో వెళ్లిపోయి ఉంటారు. అది ఏ గులాబో, ఎన్నేళ్లదో చెప్పే మనిషి ఉండరు. కొత్తగా దిగినవాళ్లకేమో ముందు వాకిలి శుభ్రం చేయాలని తొందర.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. 1967లో సాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి పెరిగింది, మిర్యాలగూడ చుట్టూ మిల్లులు లేచాయి, హైవే మీది సూర్యాపేటలో వ్యాపారం పెరిగింది. ఆ రోజుల్లో నాలుగు డబ్బులు చూసినవాళ్లు, ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లు మిద్దెలు కట్టుకుంటూ ముందు కొంత జాగా వదిలారు. అక్కడ మందారం, నందివర్ధనం, గులాబి పెట్టుకున్నారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు ఆ ఇళ్లను అమ్ముతున్నారు. మేం కోదాడలో కొన్నది అలాంటి ఇల్లే. గేటు పక్కన ఒక పొద, బావి దగ్గర ఒకటి, దక్షిణం గోడ మీదికి ఎగబాకింది ఒకటి.

మేస్త్రీ వచ్చీ రాగానే వీటిని పీకేసి బండలు పరుద్దామన్నాడు. గోడ అవతల నుంచి పక్కింటి పెద్దమ్మ అందుకుంది.

"వాటి జోలికి పోకండి బిడ్డా. ఆ గేటు కాడిది టీచరమ్మ పానం లెక్క సాదుకుంది. ఎర్రగా, ఇంతింత ముద్దగా పూసేది. ఆమెకు మోకాళ్ల నొప్పులొచ్చి బయటికి రావుడు బందయినంక దాని రంగు మారింది. ఇప్పుడు లేత రంగు పూస్తంది."

గులాబి రంగు మారిందనే మాట ఈ ఊళ్లలో చాలా ఇళ్లలో వింటాం. చూసుకునే మనిషి పోతే చెట్టు బెంగపెట్టుకుంటుందని కూడా అంటారు. అందులో కొంత నిజం ఉంది, అది ఎలాగో చెప్పాలి. నర్సరీల్లో కొనే పెద్ద పూల రకాలు, మనవాళ్లు బెంగుళూరు గులాబీలనేవి, సాధారణంగా సొంత వేళ్ల మీద ఉండవు. మొండి జాతి మొక్క కాండం మీద బెరడు చీల్చి, కావలసిన రకం కన్ను ఒకటి అందులో దూర్చి, పట్టీ చుట్టి అంటు కడతారు. కడియం నర్సరీల్లో ఈ పని చేసే చేతుల వేగం చూసి తీరాలి. పైన పూసేది ఒక మొక్క, కింద నీళ్లు తాగేది మరొకటి. పట్టించుకునేవాళ్లు లేక పై మొక్క ఎండకో తెగులుకో చచ్చిపోతే, కింది మొండి మొక్క తన పిలకలు తాను వేసుకుని, తన పూలు తాను పూస్తుంది. టీచరమ్మ ఎర్ర గులాబి రంగు మారలేదు. అది పోయింది. దాన్ని అన్నాళ్లూ మోసిన మొక్క ఇప్పుడు బయటికొచ్చింది.

ఇది ఊహించి చెప్పే సంగతి కాదు, మట్టి తీస్తే కనబడుతుంది. గేటు పక్కన మొదలు దగ్గర వేళ్లతో జానెడు లోతు మట్టి తోడాను. పిడికిలంత బుడిపె తగిలింది, అదే అంటు కట్టిన చోటు. బుడిపె పైన బొటనవేలంత లావు మోడు ఒకటి ఉంది, బూడిద రంగుకు తిరిగి, గోటితో గీరితే పొడిగా రాలింది. పచ్చగా ఉన్న కొమ్మలన్నీ బుడిపెకు కిందినుంచి, వేళ్ల దగ్గరనుంచి లేచినవే. ఏడు చిట్టి ఆకులుంటే అడవిదనీ, అయిదుంటే మంచిదనీ ఒక లెక్క చెబుతారు. దాన్ని నమ్మి కత్తెర పట్టకూడదు, ఏడు ఆకుల మంచి గులాబీలు ఎన్నో ఉన్నాయి. కొమ్మ ఎక్కడినుంచి పుట్టిందన్నదే అసలు గుర్తు. బుడిపె పైనుంచి ఎర్రటి చిగురుతో, బలంగా, నిటారుగా లేచే కొమ్మను దొంగ పిలక అనుకుని నరికేవాళ్లున్నారు. ముదురు పొదకు వచ్చే ఏళ్లలో పూలిచ్చేది ఆ కొమ్మే. కింది నుంచి వచ్చే పిలకనైతే పైపైన కత్తిరిస్తే రెండింతలై వస్తుంది. మట్టి తీసి, పుట్టిన చోటి నుంచే కిందికి లాగి పెరికేయాలి.

మా గేటు పొదకు పెరకడానికేం లేదు, మిగిలింది పిలకే. అయినా దాని పూలు చూశాక ఉంచేశాం. లేత గులాబి రంగు, ముద్ద పువ్వు, పొద్దున్నే గేటు తీస్తే వాకిలంతా వాసన. ఎడ్వర్డ్ అని పిలిచే పాత గులాబి లక్షణాలన్నీ ఉన్నాయి. ఒకప్పుడు బుర్బోన్ అని పిలిచిన రీయూనియన్ దీవిలో పుట్టిన వంశం అది. తమిళనాట పన్నీర్ రోజా అనేది దానికి దగ్గరి చుట్టం. మన దేశంలో దాన్ని దండలకూ గుల్కందుకూ వాడారు, అంటు కట్టడానికి వేరు మొక్కగానూ వాడారు. పూలబుట్టలోకి రాదగిన మొక్కను ఇన్నాళ్లు మట్టిలో దాచి ఉంచారన్నమాట.

బావి దగ్గరిది అసలు పేరు పట్టదగ్గ మొక్క. చిగురు వంకాయ రంగులో వస్తుంది. పువ్వు చిక్కటి ఎరుపు, మధ్యస్తంగా ఉంటుంది, గుత్తిగా పూస్తుంది. తొడిమ సన్నన, పూర్తిగా విచ్చాక తల వాల్చేస్తుంది. వాసన ఘాటు. గ్రుస్ ఆన్ టెప్లిట్జ్ అనే రకం గుర్తులివి. రుడాల్ఫ్ గెష్వింట్ సృష్టించిన ఆ గులాబి 1897లో బయటికొచ్చింది. మన దేశంలో విడిపూల కోసం దాన్ని విరివిగా పెంచారు. మధ్య ఐరోపాలో ఒక ఊరికి నమస్కారం చెబుతూ పెట్టిన ఆ పేరు ఇక్కడెవరూ పలకలేదు. సెంటు గులాబి అన్నారు, అంతే. మా పొద అదేనని నేను నమ్ముతున్నాను. పేరు పట్టడానికి ఇంటి వయసు కూడా పనికొస్తుంది. నిటారుగా నిలబడి కొమ్మకొక పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ గులాబీల కథ 1867 నాటి లా ఫ్రాన్స్‌తో మొదలవుతుంది. పీస్ గులాబికి ఆ పేరు పెట్టింది 1945లో, క్వీన్ ఎలిజబెత్ వచ్చింది 1954లో. మన దేశంలో బి.పి. పాల్ వంటి శాస్త్రవేత్త గోధుమల మీద పనిచేస్తూనే గులాబీలను సృష్టించారు. 1970ల్లో పెట్టిన పొదకు ఆ తర్వాతి దశాబ్దాల రకం పేరు తగిలించలేం కదా.

పేరు దొరక్కపోతే బెంగ అక్కర్లేదు. అట్లాంటిక్ మహాసముద్రంలోని బెర్ముడా దీవుల్లో పాత ఇళ్ల దొడ్లలో పేరు పోయిన గులాబీలు దొరికితే, అక్కడివాళ్లు వాటిని దొరికిన చోటు పేరుతోనో, పెంచిన మనిషి పేరుతోనో పిలుచుకుంటారు. స్మిత్స్ పారిష్ అని ఒక గులాబి, ఎమ్మీ గ్రే అని ఒకటి. అసలు పేరు తేలేదాకా ఆ పేరే గౌరవంగా సాగుతుంది. మన ఆడవాళ్లు చేసేది అదే. పోస్టాఫీసు గులాబి అంటారు, మేనత్త గులాబి అంటారు. కొమ్మ ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో ఆ పేరులోనే ఉంటుంది. కేటలాగు పేరు కంటే అది నాకు ఎక్కువ విలువైన సమాచారం. ఆ దారి పట్టుకుని వెళితే తల్లి మొక్క ఇంకా బతికున్న ఇల్లు దొరకవచ్చు.

కత్తెర విషయంలో నాది ఒకటే పట్టు. పరిచయం లేని గులాబికి మొదటి ఏడాది చచ్చిన కొమ్మలు తప్ప ఇంకేదీ కోయకూడదు. దక్షిణం గోడ మీదిదే సాక్ష్యం. దాన్ని మోకాలి ఎత్తుకు నరికితే కొత్తగా చిగురిస్తుందని చాలామంది సలహా ఇచ్చారు. కానీ అది తీగ గులాబి. నిరుటి పొడవాటి కొమ్మల పక్కల నుంచి వచ్చే చిన్న కొమ్మల మీద పూస్తుంది. నరికితే ఆ ఏటి పూలన్నీ పోయేవి. తీగను కోయడం కన్నా వంచడం మేలు. పొడుగు కొమ్మను గోడ వెంట అడ్డంగా వంచి కడితే కణుపు కణుపుకూ పూత వస్తుంది. ఏ కొమ్మ మీద పూస్తుందో ఒక ఏడాది పొడుగునా చూస్తేనే తెలుస్తుంది.

ఎప్పుడు కోయాలన్న దానికి ఇంగ్లండు, అమెరికా పుస్తకాలు మనకు పనికిరావు. అక్కడ మంచు కరిగాక వసంతంలో కోస్తారు. ఆ ప్రకారం ఇక్కడ మార్చిలో కోస్తే, 45 డిగ్రీలు తాకే సూర్యాపేట ఎండలకు మోడు కొమ్మలు మాడిపోతాయి. చలిదేశాల గులాబి, చలిదేశాల పద్ధతి మన వేడికి ఎందుకు పనికి రావాలని గట్టిగా అడిగిన మనిషి వీరరాఘవన్. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ముందే పదవీ విరమణ తీసుకుని కొడైకెనాల్‌లో గులాబీల మీద కూర్చున్నారు. మన దేశపు అడవి గులాబీలైన రోజా క్లైనోఫిల్లా, రోజా జైగాంటియాలతో సంకరం చేసి వేడికి ఓర్చుకునే రకాలు తయారుచేశారు. ఆ కృషికి రావలసినంత పేరు తెలుగునాట రాలేదని నా బాధ.

మన క్యాలెండరు మనకుంది. బతుకమ్మ పండుగకు గునుగు, తంగేడు, బంతి మధ్యన ఇంట్లో పూసిన నాలుగు గులాబీలూ చేరతాయి. సద్దుల బతుకమ్మను సాగనంపి, దసరా జమ్మి పంచుకుని, వానలు వెనకబట్టాక కత్తెర తీయాలి. ఉద్యాన శాఖవాళ్లు అక్టోబరు, నవంబరు అని చెప్పేదీ ఈ రోజులనే. కత్తిరించిన 45 రోజులకు అటూ ఇటూగా కొత్త పూలొస్తాయి. అంటే కార్తీకం చివరకో, మార్గశిరం మొదట్లోనో దేవుడి గూటికి పూలు సిద్ధం.

కోసేటప్పుడు కొమ్మ తనే దారి చూపిస్తుంది. బావి పొదలో ఎండు కొమ్మను పైనుంచి కొంచెం కొంచెంగా కోస్తూ కిందికి వచ్చాను. మొదటి కోతలో లోపలి బెండు కాఫీ రంగులో ఉంది. ఇంకో బెత్తెడు కిందికి కోస్తే అంచు పచ్చగా, నడుమ ఇంకా గోధుమ రంగు చార ఉంది. అక్కడ ఆపితే ఎండు తెగులు మళ్లీ కిందికి పాకుతుంది. మరో కణుపు దిగాక బెండు తెల్లగా, తడిగా కనబడింది. అక్కడ, బయటి వైపు చూసే కన్నుకు అర సెంటీమీటరు పైన, నీళ్లు నిలవకుండా ఏటవాలుగా కోత పెట్టాలి. ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మల్లో బలహీనమైంది తీసేయాలి. మిగిలిన వాటిని మూడో వంతుకు మించి తగ్గించకపోవడం ముసలి పొదకు క్షేమం. లావు కోతలకు బోర్డో పేస్టు పూయాలి. వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం లీటరు నీళ్లలో ప్లాస్టిక్ బకెట్లో కలుపుకుంటే చాలు, ఇనుప పాత్ర వాడొద్దు. రాలిన మచ్చల ఆకులన్నీ ఏరి అవతల పారేయాలి, లేదంటే నల్లమచ్చ తెగులు అక్కడే కాపురం పెడుతుంది.

మిర్యాలగూడ వైపు ఒక అలవాటుంది. మిల్లుల నుంచి ఊక బూడిద ఊరికే దొరుకుతుంది కాబట్టి బస్తాలు తెచ్చి మొక్కల మొదట్లో పోస్తారు. అందులో ఎక్కువ భాగం సిలికా, పైగా క్షారగుణం. సున్నం ఎక్కువున్న నేలలో, ఉప్పు బోరు నీళ్లు పట్టే చోట గులాబికి అది తోడైతే ఇనుము అందదు. లేత ఆకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అలాంటప్పుడు లీటరు నీళ్లకు అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద చల్లితే తేరుకుంటుంది. చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి ఉంటే ఇంకేం అడగదు.

టీచరమ్మ కూతురు ఈ మధ్య హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. ఇల్లు ఎలా ఉందని అడిగి, కొంచెం ఆగి, "అన్నా, గేటు కాడ అమ్మ ఎర్ర గులాబి ఉందా? ఒక కొమ్మ ఇస్తారా?" అంది. ఎర్రది పోయిందని, దాని కింద ఉన్న మొక్క పూస్తోందని, అమ్మ అన్నేళ్లు నీళ్లు పోసింది ఆ వేళ్లకేనని చెప్పాను. అదైనా చాలంది. వేరు మొక్కలుగా వాడే జాతులకు కొమ్మ నాటితే సులువుగా వేళ్లు వస్తాయి, అందుకే వాటిని ఎంచుకున్నారు కూడా. పెన్సిలంత లావున్న ముదురు కొమ్మలు, ఒక్కోటి నాలుగు కణుపులతో, దసరా కోతలో పక్కన పెట్టి తడిగుడ్డలో చుట్టి పంపుతానన్నాను. వాటితోపాటు బావి దగ్గరి సెంటు గులాబివి కూడా రెండు కొమ్మలు పెడతాను. వాళ్ల బాల్కనీలో మూడు గంటల ఎండే పడుతుందట, కనీసం అయిదారు గంటలు తగిలే చోటు చూసుకోమని చెప్పాను.