అంబాసిడర్ గేరు కడ్డీ

అంబాసిడర్ కారు తయారీ 1957లో మొదలై 2014లో నిలిచిపోయింది. దాని పాత నమూనాలలో గేరు కడ్డీ స్టీరింగు స్తంభానికే అమరి ఉంటుంది. చేతికీ గేరుపెట్టెకూ నడుమ కడ్డీలు, కీళ్ళు, బుష్‌లు ఎన్నో! ఒక్కొక్క కీలు వెంట్రుకవాసి అరిగినా, ఆ వదులంతా పోగుపడి డ్రైవరు చేతిలో జానెడు ఊగుగా తేలుతుంది. బొగ్గు లారీలు తిరిగే మంచిర్యాల దారులలో ధూళి గ్రీజులో కలిసి ఆకురాయి వలె ఒరుస్తుంది.

సింగరేణిలో విరమణ పొందిన ఒక పెద్దాయన కారు రాయపట్నం వంతెనపై రెండు గేర్ల నడుమ ఇరుక్కుపోయింది. వెనుక లారీల బారు, క్రింద గోదావరి. ఆనాటి నుండి కుమారుడిది ఒకటే పట్టు: "నాయినా, గేరు కిందికి మార్పిద్దాం." మెకానిక్కూ అదే సులువన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. నేలపై కడ్డీ లేనందుననే ముందు సీటులో ముగ్గురు కూర్చోగలరు. ఆ నడిమి చోటు మనుమరాలిది. పాతకాలపు రూపకర్తలు సామాన్యులు కారు మరి!

చివరకు లేతు మీద ఇత్తడి బుష్‌లు బిగువుగా తరిగించారు. అరిగిన పిన్నులు మార్చి, కడ్డీల పొడవు సరిచేయడానికి పూట పట్టింది. సాయంత్రం పెద్దాయన క్లచ్చి తొక్కి, కడ్డీని మునివేళ్ళతో కదిపాడు. రెండవ గేరు చప్పుడు లేకుండా పడింది.