ఆచూకీ దొరకనిది లారీ ఒక్కటేనా?

పదేళ్ళకు పైగా నేను స్త్రీల వాంగ్మూలాలు చదువుతున్నాను. హైదరాబాదులో పిహెచ్.డి. చేసిన రోజుల్లో స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ నా బల్ల మీదే ఉండేది. ఎవరు మాట్లాడారు, ఎవరు రాసుకున్నారు, రాసేటప్పుడు ఏది వదిలేశారు అని అడగటమే నా పని. 2022 అక్టోబరులో నేనే ఒక వాంగ్మూలం ఇవ్వాల్సి వచ్చింది. ఉద్యోగరీత్యా నేనుంటున్న ఇంగ్లండులో, ఏ14 రోడ్డు మీద, ఒక విదేశీ లారీ నా కారును గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది.

ఏ14 ఫెలిక్స్‌టో రేవును దేశం మధ్యభాగంతో కలిపే రోడ్డు. పగలూ రాత్రీ కంటైనర్లు, వాటి మధ్య యూరప్ లారీలు. ఇంగ్లండులో మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. యూరప్ లారీలో డ్రైవరు సీటు ఎడమవైపు ఉంటుంది. అంత ఎత్తున, ఎడమ చివర కూర్చున్న మనిషికి కుడి పక్కన క్యాబిన్ని ఆనుకుని వచ్చే చిన్న కారు కనపడదు. అతను కుడి లేనులోకి తిరిగితే ఆ కారు ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఈ ప్రమాదం ఎంత మామూలంటే, 2000ల్లో అక్కడి రోడ్ల శాఖ రేవుల్లో విదేశీ డ్రైవర్లకు కిటికీకి అంటించుకునే ప్లాస్టిక్ అద్దాలు ఉచితంగా పంచింది.

నేను లారీని దాటుతున్నాను. అది నా లేనులోకి వచ్చింది. కారు గిర్రున తిరిగి మధ్యనున్న ఇనప కంచెకు కొట్టుకుంది. నా కుడి మోచేయి విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, మూడు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నాను. లారీ డ్రైవరుకు అసలు తెలిసే ఉండకపోవచ్చు. వెనకాల వస్తున్న ఒకావిడ కారు ఆపి, వానలో తనకు కనపడినంత నంబరు చీటీ మీద రాసి పోలీసులకిచ్చింది. అది సగం నంబరు. పైగా వెనకున్న ట్రైలరుది. ముందు ఇంజను భాగం ఒక దేశంలో, ట్రైలరు మరో దేశంలో రిజిస్టరై ఉండటం యూరప్‌లో వింతేం కాదు. కొన్ని వారాలకు, వాహనం ఆచూకీ తెలియలేదని పోలీసుల ఉత్తరం వచ్చింది.

నా కారు ఇన్సూరెన్సు కంపెనీ నా క్లెయిమును ‘ఫాల్ట్’ కింద రాసుకుంది. తప్పు నాదని కాదట. డబ్బు రాబట్టుకోడానికి ఎదుటి పార్టీ దొరకకపోతే వాళ్ళ లెక్కలో దాని పేరు అదేనట. మరుసటేడు ప్రీమియం పెరిగింది. తప్పించుకుపోయినవాడి తప్పు అక్కడే నిలబడ్డ మనిషి ఖాతాలో పడటం మన ఆడవాళ్ళకి కొత్తా? ఫోనులో ఆ మాట వింటూ నాకు నవ్వొచ్చింది.

ఇలాంటి వాళ్ళ కోసం బ్రిటన్‌లో 1946 నుంచీ మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో అని ఒక సంస్థ ఉంది. వాహనాల ఇన్సూరెన్సు కంపెనీలన్నీ దానికి డబ్బు కట్టాలి. లారీ నంబరు పూర్తిగా దొరికితే ఆ దేశపు కంపెనీతో వ్యవహారం నడిపేది కూడా ఇదే. దొరక్కపోతే, ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం, కోర్టయితే ఎంత ఇప్పించేదో అంత అంచనా కట్టి ఇస్తుంది. ఆచూకీ లేని వాహనం విషయంలో మనిషికి గట్టి దెబ్బ తగిలితేనే వస్తునష్టం సంగతి చూస్తుంది. కారుకు తానే సొట్ట పెట్టుకుని ఎవరో గుద్దిపోయారని చెప్పేవాళ్ళుంటారని ఆ జాగ్రత్త.

క్లెయిము తయారుచేసిన లాయరు ఒక పట్టిక పంపింది. పోయిన జీతం, మందులు, టాక్సీలు. చివర ఇంకో గడి: ఇంట్లోవాళ్ళు డబ్బు తీసుకోకుండా చేసిన సేవ. ఎవరు, ఏ పని, రోజుకు ఎన్ని గంటలు?

ఆ గడి చూసి సంతోషించాను. ఇంటి చాకిరీకి లెక్క కట్టమని మనం ఎన్నేళ్ళుగా అడుగుతున్నాం! ఇక్కడ చట్టమే అడుగుతోంది. నా సహచరుడు రెండు వారాలు సెలవు పెట్టి నన్ను ఆసుపత్రికి తిప్పాడు, పాలసీ కాగితాలు చూశాడు. తన గంటలు అరగంటలో టైపు చేశాడు. అమ్మ అప్పటికే తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చి మా దగ్గరుంది. పదకొండు వారాలు నాకు స్నానం చేయించింది, జడేసింది, బట్టలు తొడిగింది, అన్నం కలిపి పెట్టింది, రాత్రిళ్ళు చెయ్యి కింద దిండు సర్దింది. ఆమె గంటలేవని అడిగితే, “అత్తయ్య ఎలాగూ ఇక్కడే ఉన్నారుగా” అన్నాడతను. చెడ్డ మనిషి కాదు. ఆ మాటలో తప్పేముందో అతనికి నిజంగానే తెలియలేదు.

అమ్మ ఇంకా మండిపడింది. “ఇదేం లెక్కే? కూతురికి జడేసినందుకు గంటకింత అని రాసిస్తానా? నలుగురూ వింటే నవ్విపోతారు.”

లాయరు మాటా దాదాపు అల్లుడి మాటే. ప్రమాదం వల్ల అదనంగా పడిన పనికే డబ్బు. వంట మీ అమ్మగారు ముందు నుంచే చేస్తున్నారు కదా? అయితే అది రాదు. బయటి మనిషిని పెట్టుకుంటే అయ్యే ఖర్చులో మామూలుగా నాలుగో వంతు తగ్గించి కడతారు. ఇంటి మనిషి పన్ను కట్టదు గనక. ఆ వచ్చేది కూడా నాది కాదు. 1994లో హంట్ వర్సెస్ సెవర్స్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది: సేవకిచ్చే సొమ్ము సేవ చేసినవారిదే, దెబ్బ తగిలిన మనిషి దాన్ని వాళ్ళ తరఫున దాచి అప్పగించాలి. ఇది నాకు నచ్చింది. కానీ అమ్మ రోజులో ఎక్కువ భాగం ‘ఎలాగూ’ అనే మాట కింద కొట్టుకుపోయింది.

మన దేశంలో ఇదే కథ ఇంకో రకంగా నడిచింది. గుద్ది పారిపోయిన వాహనం దొరక్కపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. ఎవరికైనా అంతే. వాహనం దొరికితే మాత్రం మనిషి సంపాదన చూస్తారు. అక్కడే గృహిణి దగ్గర చట్టం తడబడింది. 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన పట్టికలో సంపాదన లేని భార్య ఆదాయం భర్త ఆదాయంలో మూడో వంతు. 1989 జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో పోయిన గృహిణుల సేవకు సుప్రీంకోర్టు 2001లో లతా వాధ్వా కేసులో నెలకు 3 వేలు కట్టింది. 2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసులో వేరే కొలమానం లేదంటూ ఆ మూడో వంతు పద్ధతినే ఆధారంగా తీసుకుంది. జనాభా లెక్కలు గృహిణుల్ని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి ‘పని చేయనివారి’లో వేశాయని జస్టిస్ గంగూలీ ఎత్తిచూపారు. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో 2019 సమయ వినియోగ సర్వేను ఉటంకించారు: జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97.

మంచి తీర్పులే. అయితే వీటిలో ఆ స్త్రీల శ్రమ కోర్టు కంటికి ఆనింది వాళ్ళు చనిపోయాక. అమ్మ సేవ కాగితం మీదికొచ్చింది నా చెయ్యి విరిగాక. రెండు చోట్లా మధ్యలో ఒక ప్రమాదం కావాల్సొచ్చింది. ప్రమాదం జరగని రోజున ఆ పని ఆచూకీ ఎక్కడా లేదు.

అమ్మను కూర్చోబెట్టి, నా పరిశోధనలో నేర్చుకున్నట్టే, రోజు మొత్తం చెప్పించాను. ‘ఎంతసేపు’ అని అడగలేదు, ‘తర్వాతేం చేశావు’ అని అడిగాను. ఆమె చెప్పింది, నేను ఎడమచేత్తో రాసుకున్నాను. అయిదున్నరకు లేవటం దగ్గర మొదలై రాత్రి రెండింటికి నొప్పి మాత్ర ఇవ్వటం దాకా ఏడు పేజీలయ్యాయి. లాయరు వాటిలో సగానికి పైగా కొట్టేసింది. తను చేసేది చట్టప్రకారం సరైనదే. ఆ ఏడు పేజీలూ మాత్రం నా దగ్గరున్నాయి.

2024లో డబ్బొచ్చింది. అమ్మ వాటాను తెనాలి బ్యాంకులో ఆమె ఖాతాకి పంపి ఫోను చేశాను. తీసుకోనంటుందనుకున్నాను. తీసుకుంది. ఎంతో అడిగింది, ఎన్ని గంటలకో అడిగింది. కాసేపు మాట్లాడలేదు.

“మీ నాన్నకి పక్షవాతం వచ్చి మంచం పట్టిన ఆరేళ్ళూ చేశాను. ఆయన్ని ఏ లారీ గుద్దలేదు. దానికెవర్ని అడగాలి?”

ఆ ప్రశ్న వేసింది, లెక్కంటే నలుగురూ నవ్విపోతారన్న మనిషే. దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ ఇప్పుడు అడిగేవాళ్ళలో ఆమె కూడా ఉంది.