రెండు పెట్టెలు, ఒక గొంతు

హై-ఫై అనే పెట్టెలు మా యింటికి వచ్చి పదునాలుగేండ్లు కావచ్చినది. వాటిలోనుంచి మంచి ధ్వని వచ్చినది మాత్రం పోయిన కార్తీకంలో. నడుమ కాలమంతా తప్పు పెట్టెలదేనని అనుకొంటూ కూర్చున్నాము.

ఆ మాటకు అర్థం మాకు తోచినట్లు చెప్తాము. ఆఫీసులో కాగితానికి నకలు తీసి, అసలుతో సరిచూచి, ‘ట్రూ కాపీ’ అని ముద్ర వేస్తాము గదా. పాడినవారి గొంతుకు యంత్రం తీసే నకలు కూడా అట్లాగే సరిపోవాలి. ఒక అక్షరం పెరగరాదు, ఒకటి తరగరాదు. మా మెట్రిక్ చదువుకు ఇంతకంటె లోతు అందదు.

మాది సండూరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినవి. బళ్ళారి, సండూరు మైసూరు వైపు వచ్చినవి. మా తాతగారు ఎటూ పోలేదు, ఉన్న యింట్లోనే ఉన్నారు. అప్పటినుంచి యింట్లో తెలుగు, వీధిలో కన్నడం. మా పిల్లలు బడిలో చదివేది కన్నడమే. వారి తెలుగంతా చెవితో నేర్చినది.

ఇక సంగతికి వస్తాము. 1996లో మా అక్క పెండ్లికి అమ్మ నలుగుపాట పాడుతుంటే మా మేనమామ క్యాసెట్టులో పట్టినాడు. అమ్మ పోయి ఆరేండ్లయినది. ఆమె గొంతు మాకు మిగిలినది ఆ ఒక్క క్యాసెట్టులోనే. ఈ మాఘంలో అక్క కూతురి పెండ్లి. నలుగుకు అమ్మమ్మ పాటే పెట్టాలని ఆ పిల్ల కోరిక. సరేనని పెట్టి చూస్తే మాటలే తెలియలేదు.

“ఏమిరా, మీ అమ్మ బాయిలోపల కూర్చొని పాడుతున్నట్లుందే!” అన్నారు నాయనగారు. ఆయనకు ఎనభై దాటినవి. వయసు మీదపడితే చెవికి ముందుగా పోయేవి సన్నని ధ్వనులట. ఆయన చెవిదే లోపమేమో అనుకొన్నాము గాని, మా చెవులకూ బావే వినిపించినది.

మరమ్మతు చేసే ఒకాయనకు చూపితే టేపు చచ్చిపోయినదన్నాడు; పైగా కొత్త సెట్టు కొనుమన్నాడు. కొనేవాళ్ళమే. మా యింటావిడ అడ్డుపడినది. “టేపు చచ్చిపోతే కొత్త సెట్టు దాన్ని బ్రతికిస్తుందా?” అన్నది. ఈ ప్రశ్న మాకెందుకు తోచలేదో తెలియదు.

చివరకు దారి చూపినది మా ఆఫీసు అటెండరు కొడుకు, హొసపేటలో ఐ.టి.ఐ. చదివే పిల్లవాడు. స్పీకరు తీగలను యాంప్లిఫయరునుంచి ఊడదీయించి, టార్చిలైటు సెల్లు ఒకటి తెమ్మన్నాడు. సెల్లు ప్లస్ కొనను ఎర్ర తీగకు, మైనసును నల్ల తీగకు ఒక్క క్షణం తాకిస్తే లోపలి కాగితపు గరాటు ముందుకు దుమకాలి. ఒక పెట్టెలో దుమికినది, రెండవ పెట్టెలో వెనక్కు పోయినది! తీగలు తారుమారు చేసి బిగించినది ఎవరయ్యా అంటే మేమే, పదునాలుగేండ్ల క్రిందట. ఒకటి గాలిని తోస్తుంటే ఇంకొకటి లాగుతున్నది. లావు స్వరాలన్నీ ఒకదాన్నొకటి తినివేస్తున్నవి. తీగ మార్చినంతనే గొంతు రెండు పెట్టెల నడుమకు వచ్చి నిలిచినది.

పెట్టెలను బీరువా నెత్తిన మూలకు పెట్టి ఉన్నాము. వాటిని దించి, గోడకు రెండడుగులు ఎడంగా, కూర్చున్నవారి చెవి ఎత్తుకు వచ్చేట్లు పీటలమీద పెట్టినాము. పెట్టెకూ పెట్టెకూ ఎంత దూరమో, నాయనగారి కుర్చీకి కూడా అంతే. క్రింద కడప బండలు, చుట్టూ నున్నని గోడలు, మాట అన్నిటికీ తగిలి తిరిగివచ్చేది. ఎదుటి గోడకు పాత బొంత వ్రేలాడదీసి, దానిమీద మా ఊరి లంబాణీ కుట్టుగుడ్డ కప్పినాము. ఇల్లు సంత అంగడివలె ఉన్నదని యింటావిడ గొణిగినది గాని, మ్రోత తగ్గినది.

మాట మాత్రం ఇంకా మసకగానే ఉన్నది. ఆ పిల్లవాడు దూదికి స్పిరిటు అద్ది టేపు తల తుడిచినాడు. దూది ఇటుక రంగుకు తిరిగినది. ఖనిజపు లారీల ధూళి మా ఊళ్ళో అన్నంలోనూ పడుతుంది, దీనికేమి లెక్క అన్నాము. వాడు నవ్వి, అది ధూళి మాత్రమే కాదు, టేపుమీది పూతకూడా ఇనుప తుప్పేనన్నాడు. మా కొండలలో తవ్వేదీ ఇనుమూ ప్రాణవాయువూ కలిసిన ఆ జాతి వస్తువే. అమ్మ గొంతు ఇన్నాళ్ళూ తుప్పుమీద నిలిచి ఉన్నదన్నమాట! తరువాత తల ప్రక్కనున్న చిన్న మరను వెంట్రుకవాసి తిప్పుతూ వినుమన్నాడు. ఒకచోట ‘స’, ‘శ’ అనే అక్షరాలు పలకమీద వ్రాసినట్లు విడివడినవి.

అమ్మ పాడినది. వెనుక గాజుల చప్పుడు, ఎవరో నూనె గిన్నె ఎక్కడని కన్నడంలో అడగడం, నవ్వులు. మా చిన్నది పాట ముగిసేవరకు కదలలేదు. నాయనగారు చెవి ఒగ్గి విని, “రెండో చరణంలో ఒక మాట తప్పు. ఆ పొద్దే చెప్పినాను, వింటేనా?” అన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. ఆ సాయంత్రం నాలుగుసార్లు పెట్టినాము.

పాటకు ఫోనులో నకలు తీసి ఉంచినాము. పెండ్లికి అది చాలునని మేము, పెట్టెలే మోయాలని నాయనగారు. ఇంకా తేలలేదు. ఆయన అప్పుడే పీటలకు గుర్తుగా నేలమీద సుద్దముక్కతో గీతలు గీసి పెట్టుకొన్నారు.