సీమలో ఇద్దరు అల్లుళ్ళు

రాయలసీమ వెళుతున్నామంటే మా పక్కింటావిడ "రాళ్ళు తప్ప ఏముంటాయండీ అక్కడ?" అంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బస్సులోంచి మొదట కనబడేవి రాళ్ళే! కానీ మా ఆడపడుచు పిలిస్తే కిందటి సంక్రాంతికి అహోబిలం, ఉగాదికి కడప వెళ్ళొచ్చాక ఆవిడకి చెప్పడానికి నాకు బోలెడు కబుర్లు దొరికాయి.

అహోబిలం ఆళ్ళగడ్డకి దగ్గర్లో, నల్లమల అడవి అంచున ఉంది. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఎగువ గుడితో కలిపి కొండల్లో 9 నరసింహ ఆలయాలున్నాయి. నా మోకాళ్ళ నొప్పులతో అన్నీ చూడలేదు.

నేను చూడాలనుకున్నది పారువేట. ఉగ్రరూపంతో అడవిలో తిరుగుతున్న నరసింహస్వామి చెంచుపిల్లను చూసి మనసుపడ్డాడట. చెంచులు ఊరికే పిల్లనిచ్చారా? దుంపలు తవ్వించి, తేనెపట్టు తీయించి, పరీక్షించాకే ఇచ్చారని కథ. అందుకే ఆయన వాళ్ళకి అల్లుడు. కనుమనాడు స్వామి పల్లకి బయల్దేరేటప్పుడు చెంచులు దానికి బాణాలు ఎక్కుపెడతారు. మా అమ్మాయి పెళ్ళిలో వియ్యాలవారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డదాన్ని, ఆడపిల్లవారు విల్లు పట్టుకుని నిలబడడం చూస్తే ఎంత ముచ్చటేసిందో!

అక్కణ్ణుంచి 40 రోజులకు పైగా, 30కి పైగా ఊళ్ళు తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి స్వామే స్వయంగా పిలుస్తాడు. పల్లకి వచ్చే రోజుకి ప్రతి ఊళ్ళోనూ ఇళ్ళకి సున్నాలు, కూతుళ్ళకి, అల్లుళ్ళకి కబుర్లు. "మాకు సంక్రాంతి కంటే ఇదే పెద్ద పండగ వదినా" అంది మా ఆడపడుచు, రాగిసంగటి కెలుకుతూ.

రెండో అల్లుడు దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరుడు. తిరుమలకి ఇది గడప అంటారు, పూర్వం యాత్రికులు ఇక్కడ దణ్ణం పెట్టుకునే కొండకు వెళ్ళేవారట. స్వామి భార్య బీబీ నాంచారి తమ ఆడపడుచని ముస్లింల నమ్మకం. ఉగాదినాడు తెల్లవారకముందే బురఖాల ఆడవాళ్ళు, టోపీల మగవాళ్ళు, చంకల్లో పిల్లలు, గుడి ముందు బారులు తీరారు. నా ముందున్న పెద్దావిడ సంచిలో బియ్యం, బేడలు, చింతపండు, బెల్లం. ఇవన్నీ ఎందుకమ్మా అన్నాను.

"బిడ్డింటికి వట్టి చేతుల్తో ఎట్లొచ్చేదమ్మా?" అంది.

నేను మాత్రం గుడి ముందు కొన్న ఒక్క కొబ్బరికాయతో ఆవిడ వెనకాల నిలబడ్డాను.