కుట్టాను, కుట్టించాను

1979లో పెళ్ళయి ఆత్మకూరు నుంచి ఉదయగిరి కాపురానికి వచ్చిన కొత్తల్లో, మావారు మద్రాసులో ట్రైనింగులో ఉండేవారు. నా చదువు చూసి మురిసిపోతారని ఉత్తరాలు ఇంగ్లీషులోనే రాసేదాన్ని. ఒకసారి 'ఐ స్టిచ్డ్ ఎ బ్లౌజ్' అని రాశాను. వారం తిరక్కుండా చొక్కా గుడ్డ పట్టుకుని దిగారాయన. "నీకు కుట్టుపని కూడా వచ్చని చెప్పలేదేం?" అంటూ! సూదిలో దారం ఎక్కించడమే నాకు గగనం. జాకెట్టు కుట్టింది బజారువీధి టైలరు. నేను కుట్టించుకున్నాను, అంతే.

నన్ను ముంచింది మన 'ఇంచు'. తెలుగులో క్రియకి ఆ చిన్న తోక తగిలిస్తే చాలు, పని ఇంకొకరి చేతికి వెళ్ళిపోతుంది. చేయు, చేయించు, తిను, తినిపించు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే దీనికి సూత్రం ఉంది. ఇంగ్లీషులో అలా ప్రతి క్రియకీ తగిలించే తోక లేదు. ముందు ఇంకో మాట పెట్టుకోవాలి, అదీ సందర్భాన్ని బట్టి. డబ్బిచ్చి చేయించుకుంటే 'హావ్': 'ఐ హాడ్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్'. నచ్చజెప్పి చేయిస్తే 'గెట్', మనిషి పేరు తర్వాత ఒక 'టు' కూడా. మెడలు వంచి చేయిస్తే 'మేక్', అక్కడ 'టు' రాదు. మావారి చేత బజారునుంచి కరివేపాకు తెప్పించడం ఎప్పుడూ 'గెట్' కిందకే వస్తుంది లెండి.

రాజులకి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. మా ఉదయగిరి దుర్గాన్ని 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కృష్ణదేవరాయలు, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తరలించి గుడి కట్టించాడు. ఇంగ్లీషు పుస్తకాల్లో అయితే ఉత్త 'బిల్ట్'. రాయలవారే తాపీ పట్టుకున్నట్టు!

ఇదంతా నవ్వులాటే అనుకునేదాన్ని, ఎదురింటి పిన్నమ్మ నా దగ్గరికి వచ్చేదాకా. భర్త పోయిన ఏడాదికి మరుదులు ఆమెని ఆత్మకూరు తీసుకెళ్ళి, వెయ్యకపోతే తిరుగు బస్సు ఎక్కనివ్వమని కూర్చోబెట్టి, పొలం కాగితం మీద వేలిముద్ర వేయించారు. పై అధికారులకి ఇంగ్లీషులో అర్జీ పెడితేనే చదువుతారని ఎవరో చెప్పారట. రాసిపెట్టమంది.

గబగబా రాసేశాను, 'ఐ పుట్ మై తంబ్ ఇంప్రెషన్' అని. తెలుగులో అర్థం చెప్పేసరికి పిన్నమ్మ మొహం మాడిపోయింది.

"నేనెక్కడ వేసినానమ్మణ్ణీ? వాళ్ళు గదా వేయించింది! అట్టా రాస్తే నేను ఇష్టపడి వేసినట్టు గాదూ?"

జాకెట్టు విషయంలో పోయింది నా పరువొక్కటే. ఇక్కడ పోయేది రెండెకరాల మెట్ట. ఆ కాగితం చింపి ఇంకోటి తీసుకున్నాను. 'దే మేడ్ మీ పుట్ మై తంబ్ ఇంప్రెషన్.'

"దీంట్లో 'వేయించినారు' అనేది యాడుంది?"

"ఇదిగో పిన్నమ్మా, ఈ 'మేడ్'."

అక్షరం రాని ఆ మనిషి దాని మీద వేలు పెట్టి కాసేపు చూసింది.

"ఇంత సన్నంగా ఉంటే వాళ్ళకి కనబడతదా? కాస్త లావుగా దిద్దమ్మణ్ణీ."

పెన్ను మళ్ళీ తీసి, సిరా పట్టేదాకా దిద్దాను.